జిప్సీ కింగ్: దిగుడులో సెకండ్ గేరు ఎగిరిపోతోంది. బాక్సు విప్పించాలా, పాతది కొని మార్చేయాలా?

కాశీబుగ్గ జిప్సీ

అందరికీ నమస్కారం. మాది పలాస-కాశీబుగ్గ. మందస దాటాక మహేంద్రగిరి వైపు కొండ వాలులో మాకు జీడి తోట ఉంది. తోటకి వెళ్లి రావడానికీ, సీజనులో పిక్కలు దింపడానికీ ఒక మారుతి జిప్సీ కింగ్ (ఫోర్ వీల్ డ్రైవ్ జీపు) వాడుతున్నాను. 2004 మోడలు, ఎంపీఎఫ్ఐ పెట్రోలు, ఐదు గేర్లు, సాఫ్ట్ టాప్. ఇంజిన్ మీద నాకు ఏ కంప్లయింటూ లేదు. చలికాలంలో కూడా ఒక్క సెల్ఫుకే లేస్తుంది.

బాధంతా గేర్ బాక్సుతో. తోట నుంచి కిందకి వచ్చే దారి ఎర్రమట్టి, మధ్య మధ్య రాళ్లు, వాన నీళ్లకి కోసుకుపోయిన గాళ్లు. వెనక నాలుగైదు బస్తాలు వేసుకుని (మా దగ్గర పిక్కల బస్తా అంటే 80 కేజీలు) సెకండ్‌లో యాక్సిలరేటర్ వదిలేసి ఇంజిన్ పట్టు మీద దిగుతుంటే, లివరు టక్‌మని న్యూట్రల్‌లోకి వచ్చేస్తోంది. బండి ఒక్కసారిగా ఊపందుకుంటుంది. నా కాలు బ్రేకు మీద సిద్ధంగానే ఉంటుంది గానీ, పక్కన నాన్నగారు ఉంటే మాత్రం అరసవల్లి సూర్యనారాయణ మూర్తి నుంచి మొదలుపెట్టి దేవుళ్లందరినీ పిలిచేస్తారు.

అదే దారి ఎక్కేటప్పుడు ఎగరదు. మిగతా గేర్లు బాగానే నిలబడుతున్నాయి. థర్డ్ నుంచి సెకండ్‌కి దింపేటప్పుడు గర్రుమంటుంది, డబుల్ క్లచ్ కొడితే (మధ్యలో న్యూట్రల్‌లో ఆగి క్లచ్ రెండుసార్లు నొక్కితే) మెత్తగా పడుతుంది. ఇది కాక హైవే మీద 40 దాటాక కింద నుంచి సన్నగా ఒక కూత వస్తుంది, స్పీడు పెరిగే కొద్దీ పెరుగుతుంది. రెండూ ఒకే జబ్బా, వేర్వేరా అన్నది నాకు తెలియడం లేదు.

ఇక్కడ మాకు తెలిసిన మేస్త్రి వినగానే తేల్చేశాడు. "ఏటి బాబూ, దీన్ని ఇప్పినా లాభం నేదు, బాక్సు మార్చేద్దుం" అన్నాడు. విశాఖ ఆటోనగర్ నుంచి పాత బాక్సు తెప్పిస్తాడట. 22 వేలు, బిగింపు కూలి వేరు, గ్యారంటీ అంటే నవ్వుతున్నాడు. మాకు విశాఖ కంటే బరంపురం దగ్గర కాబట్టి అక్కడ ఇంకొకాయన్ని అడిగాను. ఆయన విప్పి చూసి పోయినవే మారుస్తానన్నాడు. కూలి 6 వేలు, సామాన్లకి ఎంత అవుతుందో విప్పాకే చెబుతాడు. ఆ "విప్పాకే" అన్న మాట దగ్గరే టెన్షన్. మా బావగారైతే మూడో దారి చెప్పారు, అమ్మేసి ట్రాక్టరు ట్రక్కు కొనుక్కోమన్నారు.

పాత బండ్లు నడిపేవాళ్లు చెప్పండి. ఏ దారి మంచిది? పిక్కల సీజను అయ్యేదాకా ఇలాగే నెట్టుకురావచ్చా?

---

విజయనగరం ఎక్స్-ఈఎంఈ

బాబూ, ముందు ఒక మాట. లివరుని చేత్తో నొక్కి పట్టుకుని దిగుతున్నావేమో, ఆ పని మానెయ్యి. గేరు ఎగిరే బండికి అందరూ చేసేది అదే. లోపల ఫోర్కు (లివరు కదిపే చీలిక ముక్క) స్లీవుకి (గేరుని షాఫ్టుకి కలిపే జారుడు రింగుకి) ఒరుసుకుంటూనే ఉంటుంది, కాలి అరిగిపోతుంది. సెకండ్ గేరుతో పోయేదానికి ఫోర్కు కూడా లిస్టులో చేరుతుంది.

నేను ఆర్మీలో బండ్లూ యంత్రాలూ బాగుచేసే విభాగం ఈఎంఈలో వెహికల్ మెకానిక్‌గా చేసి రిటైర్ అయ్యాను. జిప్సీలు చాలా విప్పాను, చాలా బిగించాను. నీ మేస్త్రి బండి కిందకి దూరకుండానే బాక్సు మార్చేద్దామన్నాడంటే ఆయనకి పని తొందరగా అవుతుంది, నీకు కాదు.

జిప్సీలో గేర్ బాక్సు వేరు, ట్రాన్స్‌ఫర్ కేసు (తిప్పుడుని ముందు, వెనక ఇరుసులకి పంచే పెట్టె) వేరు. రెండింటి మధ్య మూరెడు షాఫ్టు ఒకటి, రెండు చివరలా క్రాసులతో (అటూఇటూ వంగే కీళ్లతో) ఉంటుంది. కింద నుంచి వచ్చే ప్రతి మోతా గేర్ బాక్సుది కాదు. అందుకని కూతని ఒక కేసుగా, ఎగరడాన్ని ఇంకో కేసుగా చూడు.

కూత సంగతి మందస రోడ్డులోనే తేల్చుకోవచ్చు. జిప్సీ కింగ్‌లో గేరు నిష్పత్తులు (బాక్సు వెనక షాఫ్టు ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరగాలో): ఫస్ట్ గేరు 3.652, సెకండ్ 1.947, థర్డ్ 1.423, ఫోర్త్ సరిగ్గా 1, ఫిఫ్త్ 0.795. ఫోర్త్‌లో ఇంజిన్ తిప్పుడు మెయిన్ షాఫ్టు గుండా నేరుగా వెనక్కి పోతుంది. లే షాఫ్టు (మెయిన్ షాఫ్టు పక్కనుండే రెండో షాఫ్టు) తిరుగుతుంది గానీ బరువు మొయ్యదు. థర్డ్‌లో 45 దగ్గర కూత విను, అదే స్పీడులో ఫోర్త్‌కి వేసి మళ్లీ విను. ఫోర్త్‌లో కూత సగానికి పడిపోతే లే షాఫ్టు పళ్లో, బేరింగులో అనుకో. ఏమీ తేడా లేదంటే గేర్ బాక్సుని వదిలేసి వెనక్కి చూడు. ట్రాన్స్‌ఫర్ కేసులో హై రేంజి కూడా డైరెక్టు కాదు, 1.409. నువ్వు 2హెచ్‌లో (వెనక చక్రాలకే, హై రేంజి) హైవే మీద పోతున్నా అక్కడి పళ్లు ఎప్పుడూ బరువు మోస్తూనే ఉంటాయి. అందులో ఆయిలు పట్టేదే ముప్పావు లీటరు పైచిలుకు. సీలు దగ్గర కాస్త చెమ్మ కారుతున్నా కొన్నాళ్లకి లోపల ఎండిపోతుంది, కూత మొదలవుతుంది.

ఇంకో పరీక్ష. బండి నిలబెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, న్యూట్రల్‌లో క్లచ్ మీద నుంచి కాలు తియ్యి. గరగర వచ్చి, క్లచ్ నొక్కగానే పోతే ముందు షాఫ్టు బేరింగు. నొక్కినప్పుడే వస్తే రిలీజ్ బేరింగు, అది బాక్సు లోపలిది కాదు. ట్రాన్స్‌ఫర్ లివరుని ఎన్‌లో (న్యూట్రల్‌లో) పెట్టి నిలబెట్టిన చోటే ఐదు గేర్లూ వేసి వినొచ్చు కూడా. కాకపోతే లోడు ఉండదు కాబట్టి ఎగిరే గేరు అక్కడ ఎగరదు. "చూడండి సార్, బాగానే ఉంది" అని ఎవరైనా అలా చూపిస్తే నమ్మకు.

ఇక ఎగరడం. ఎక్కేటప్పుడు ఇంజిన్ చక్రాలని తిప్పుతుంది, దిగేటప్పుడు చక్రాలు ఇంజిన్‌ని తిప్పుతాయి. పళ్ల మీద ఒత్తిడి రెండో వైపుకి మారుతుంది. గేరు పక్కన స్లీవు ఎక్కి కూర్చునే చిన్న పళ్లు ఉంటాయి, డాగ్ పళ్లంటాం. వాటిని లోపలికి వాలుగా కోస్తారు, లోడు పడే కొద్దీ స్లీవుని తమవైపు లాక్కోవాలని. అవి అరిగి గుండ్రబడితే లాక్కోవడం మాని బయటికి తోస్తాయి. నీకు దిగుడులోనే ఎగురుతోంది, దింపేటప్పుడు గర్రుమంటోంది. అంటే డాగ్ పళ్లూ, ఇత్తడి సింక్రో రింగూ (గేరు పడే ముందు వేగాలు కలిపేది) రెండూ అయిపోయి ఉంటాయని నా అనుమానం.

అనుమానమే. బాక్సు దింపకుండా చూడగలిగేవి ముందు చూడు. బెల్ హౌసింగ్ (బాక్సుని ఇంజిన్‌కి కలిపే గంట లాంటి తొడుగు) బోల్టులు వదులయ్యాయా, బాక్సు కింద రబ్బరు మౌంటు చిరిగిందా, లివరు అడుగున ప్లాస్టిక్ సీటు అరిగి గేరు సగమే పడుతోందా, లివరు చుట్టూ రబ్బరు బూటు గట్టిపడి వెనక్కి లాగుతోందా. వీటిలో ఏది ఉన్నా గేరు ఎగురుతుంది. లోపల గేరుని చోట పట్టి ఉంచే డిటెంట్ స్ప్రింగు మెత్తబడినా, బేరింగు అరిగి మెయిన్ షాఫ్టు ముందుకీ వెనక్కీ ఆడినా ఎగురుతుంది.

సీజను ఎలా అన్నావు. మట్టి దారిలో అయితే ఒక ఉపాయం. సెకండ్ వదిలెయ్యి. ట్రాన్స్‌ఫర్‌ని 4ఎల్‌లో (నాలుగు చక్రాలకీ, లో రేంజి) పెట్టి థర్డ్‌లో దిగు. 4ఎల్ 2.268 కదా, థర్డ్‌తో గుణిస్తే 3.23. నువ్వు ఇప్పుడు 2హెచ్‌లో సెకండ్‌లో దిగితే 2.74. అంటే ఇంజిన్ పట్టు ఇంకాస్త ఎక్కువే దొరుకుతుంది. దారి మరీ నిటారుగా ఉన్న చోట 4ఎల్ ఫస్ట్. తారు రోడ్డు తగలగానే ఆగి 2హెచ్‌కి మార్చుకో. జిప్సీలో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య డిఫరెన్షియల్ లేదు, గట్టి రోడ్డు మీద 4ఎల్‌లో మలుపు తిప్పితే షాఫ్టులు మెలికపడతాయి. బస్తాలు రెండుకి తగ్గించు. ఇలా కొంతకాలం నడుస్తుంది, శాశ్వతంగా కాదు.

ఈ లోపు ఆయిలు దింపి చూడు. దింపే ముందు పక్కనున్న నింపే బోల్టు ఊడుతుందో లేదో చూసుకో. కింద బోల్టు ముందే విప్పేసి, ఆయిలంతా పోయాక పై బోల్టు తుప్పు పట్టి ఊడకపోతే బండిని తోసుకెళ్లాలి.

---

సాలూరు ఎంఎం540

సారు చెప్పిన ఫోర్త్ గేరు పరీక్ష నాకు కొత్త. నోట్ చేసుకున్నాను.

తమ్ముడూ, నాది మహీంద్రా ఎంఎం540. సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి వైపు తరచూ వెళ్తుంటాను. మా ఊరంటే లారీల ఊరు, గేర్ బాక్సు అనే మాట పిల్లలకి కూడా తెలుసు. ఇక్కడి మేస్త్రీల దగ్గర ఎక్కువసేపు కూర్చుని నేను నేర్చుకున్నది ఒకటి: బాక్సులో సామాను కంటే దాన్ని దింపి ఎక్కించే కూలే మనిషిని తినేస్తుంది. కాబట్టి ఒకసారి దింపితే మళ్లీ దింపకూడదన్నట్టు చెయ్యాలి.

నువ్వు అదృష్టవంతుడివి. మా జీపుకి ట్రాన్స్‌ఫర్ కేసు గేర్ బాక్సు వెనకే బిగించి ఉంటుంది. రెండూ ఒకే ముద్దగా దిగుతాయి, చైన్ పుల్లీ లేకపోతే నడుము పోతుంది. జిప్సీది అల్యూమినియం బాక్సు, పైగా విడిగా ఉంటుంది. మా ఫ్రెండు బండికి చేసినప్పుడు దగ్గరుండి చూశాను. లోపల నుంచి లివరు తీసేశారు. కింద చిన్న షాఫ్టు ఫ్లాంజి (చివరనుండే బిళ్ల) బోల్టులు, క్లచ్ కేబులు, రివర్స్ లైటు వైరు, సెల్ఫ్ మోటారు, ఆ తర్వాత బెల్ హౌసింగ్ బోల్టులు, మౌంటు. స్పీడోమీటరు కేబులు ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఉంటుంది, దాని జోలికి పోనక్కర్లేదు. బాక్సుని కాస్త వెనక్కి లాగి, ముక్కు కిందకి వంచి, ఇద్దరు మనుషులు ఒక ట్రాలీ జాకీతో దింపేశారు. విప్పే ముందు చిన్న షాఫ్టు ఫ్లాంజిల మీద సుద్దతో గీత పెట్టుకోమను, బిగించేటప్పుడు అదే గీతకి కలిపితే వైబ్రేషను రాదు.

బాక్సు కింద ఉన్నప్పుడు క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు చూడు. ఇంజిన్ వెనక ఆయిల్ సీలు చెమ్మగా ఉంటే అప్పుడే వేసెయ్. ఫ్లైవీలు మధ్యలో పైలట్ బేరింగు ఒకటి ఉంటుంది, చూడ్డానికి రూపాయి బిళ్లంత, దాన్ని ఎవరూ పట్టించుకోరు. అది పోతే ముందు షాఫ్టు ఊగుతుంది, ఊగితే గేర్లు ఎగురుతాయి. కొత్త సింక్రోలు వేసి పైలట్ బేరింగు పాతదే ఉంచేసిన బండి ఒకటి మా వీధిలోనే ఉంది. ఆయన ఇప్పటికీ మేస్త్రితో గొడవ పడుతున్నాడు.

ఇంకొకటి జాగ్రత్త. డాగ్ పళ్లకి వెల్డింగు నింపి, గ్రైండరుతో కోసి ఇస్తామనేవాళ్లు తగులుతారు. చవకే. కానీ ఆ పళ్లు గట్టిదనం పట్టించిన ఉక్కు, వెల్డింగు వేడికి ఆ గట్టిదనం పోతుంది. రెండు సీజన్లు కూడా రాదు. ఊడిన పొడి బేరింగుల్లోకి పోతుంది. సెకండ్ గేరు కొత్తది దొరక్కపోతే ఆగు, వెల్డింగు మాత్రం వద్దు.

మీ బావగారి మాట వినకు.

---

గజపతినగరం స్పేర్స్

నేను పాత బండ్ల సామాన్లు అమ్ముతాను, కాబట్టి నా మాట కాస్త తగ్గించుకునే వినండి.

పాత బాక్సు అనగానే అందరూ తిడతారు గానీ, కొన్నిసార్లు అదే దారి. సెకండ్ గేరు, స్లీవు, రింగులు, బేరింగులు, సీళ్లు, ప్యాకింగు వరకు అయితే విప్పి బాగు చేయించడమే మేలు. విప్పాక లే షాఫ్టు మీద పళ్లు విరిగి ఉన్నా, మెయిన్ షాఫ్టు మీద గేరు కూర్చునే చోట గాళ్లు పడి ఉన్నా, అల్యూమినియం బాడీకి చెవుల దగ్గర పగులు ఉన్నా అప్పుడు లెక్క మారిపోతుంది. ఆ సామాన్లన్నీ కొత్తవి కొంటే పాత బాక్సు ధర దాటిపోతుంది.

కొనేటట్టయితే ఇలా చూడండి. ముందు గేర్లు లెక్కపెట్టండి. 1985లో వచ్చిన మొదటి జిప్సీలు, 970 సీసీవి, వాటికి నాలుగు గేర్లే. మీది 1.3 లీటరు ఇంజిన్, ఐదు గేర్లు. "జిప్సీ బాక్సే సార్" అని నాలుగు గేర్లది అంటగట్టేవాళ్లు ఉన్నారు. బాక్సుని బల్ల మీద పెట్టించి సెకండ్ వేసి ముందు షాఫ్టుని చేత్తో తిప్పండి. రెండు చుట్లు తిప్పితే వెనక ఫ్లాంజి ఒక చుట్టు, ఆ పైన రవ్వంత తిరగాలి. ఫోర్త్‌లో ఒకటికి ఒకటి. తిప్పుతుంటే ఎక్కడా కంకర నలిగినట్టు తగలకూడదు. ముందు షాఫ్టుని పైకీ కిందకీ ఊపి చూడండి. డ్రెయిన్ బోల్టు విప్పించండి. ఆయిలు లేకుండా కడిగి పెయింటు వేసి మెరిపించిన బాక్సు కంటే, మట్టి కొట్టుకుని లోపల నల్లటి ఆయిలున్న బాక్సునే నేను నమ్ముతాను. ఆయిల్లో పాలరంగు కనిపిస్తే నీళ్లు వెళ్లాయి, వదిలేయండి.

22 వేలు మా లైనులో మరీ అన్యాయం కాదు, కానీ గ్యారంటీ లేకుండా అయితే ఎక్కువే. బిగించి ఒకసారి ఘాట్ దిగాక సగం డబ్బు ఇస్తానని అడగండి. ఒప్పుకుంటే బాక్సు మీద వాడికి నమ్మకం ఉన్నట్టు.

ఎవరూ చెప్పని ఇంకో దారి ఉంది. బాడీ పగిలిపోయిన బాక్సులు ఇనుము లెక్కన దొరుకుతాయి. లోపల సెకండ్ గేరూ స్లీవూ బాగుండొచ్చు. మీ బాడీ, మీ షాఫ్టులు, దాంట్లోంచి ఆ జత. కాకపోతే గేరూ స్లీవూ జతగానే తీసుకోవాలి. అరిగిన స్లీవు మీద మంచి గేరు వేస్తే మళ్లీ అదే కథ. జిప్సీని మామూలు జనానికి అమ్మడం 2019 నాటికి ఆగిపోయింది గానీ బండ్లు ఇంకా చాలా తిరుగుతున్నాయి. సింక్రో రింగులూ బేరింగులూ కొత్తవే దొరుకుతాయి, వాటిని పాతవి వేయకండి.

---

బొబ్బిలి 413

నాదీ జిప్సీ కింగే. మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి, రెండు డౌట్లు. గేర్ బాక్సు మారిస్తే ఆర్టీఓ ఆఫీసులో చెప్పాలా? మా బండికి పదిహేనేళ్లు దాటాయి, ఆర్‌సీ రెన్యువల్ దగ్గర పడింది. రెండోది, ఆయిలు ఏది? మా మేస్త్రి అన్నిటికీ ఒకటే "తొంభై ఆయిలు" పోస్తాడు, బాక్సుకీ, డిఫరెన్షియల్‌కీ, పక్కింటి ట్రాక్టరుకీ.

---

గజపతినగరం స్పేర్స్

ఆర్‌సీలో ఉండేవి ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు. ఇంజిన్ మారిస్తే ఎక్కించాలి. అదే మోడలు గేర్ బాక్సు మారిస్తే ఆర్‌సీలో మార్చాల్సిందేమీ లేదు. బిల్లు మాత్రం తీసుకోండి, దొంగ బండి సామాను కాదని చూపించడానికి.

---

విజయనగరం ఎక్స్-ఈఎంఈ

బొబ్బిలి బాబూ, మంచి ప్రశ్న. తొంభై అన్నది చిక్కదనం మాత్రమే. దాని పక్కన జీఎల్-4 అనో జీఎల్-5 అనో ఆయిలు రకం రాసి ఉంటుంది, చూడాల్సింది అదీ. డిఫరెన్షియల్‌లో హైపాయిడ్ గేర్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి. వాటికి జీఎల్-5 కావాలి, అందులో గంధకం-భాస్వరం మందు ఎక్కువ. గేర్ బాక్సులో సింక్రో రింగులు ఇత్తడివి. ఆ మందు ఘాటు ఇత్తడికి పడదు. పైగా రింగు పని పట్టుకుని ఆపడం. మరీ జారుడు ఆయిలు పోస్తే అది పట్టుకోలేదు, గేరు గర్రుమంటుంది. గేర్ బాక్సుకీ ట్రాన్స్‌ఫర్ కేసుకీ జీఎల్-4, 75డబ్ల్యూ-90 గానీ 80డబ్ల్యూ-90 గానీ. బాక్సుకి లీటరున్నర లోపే పడుతుంది. సమతలం మీద నిలబెట్టి, నింపే బోల్టు కన్నం అంచుకి వచ్చి కారేదాకా పోస్తే చాలు. డబ్బా మీద రెండు నంబర్లూ అచ్చేసి "అన్నిటికీ పనికొస్తుంది" అని ఉంటే బాక్సుకి వాడకు.

---

కాశీబుగ్గ జిప్సీ

అందరికీ చాలా థాంక్సండీ. ఇప్పటిదాకా తేలింది చెబుతాను.

మందస రోడ్డులో థర్డ్‌కీ ఫోర్త్‌కీ మార్చి మార్చి విన్నాం. కూత రవ్వంత కూడా తగ్గలేదు. కిందకి దూరి చూస్తే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక సీలు దగ్గర మట్టి అంతా ముద్దగా తడిసి ఉంది. నింపే బోల్టు విప్పి వేలు పెడితే ఆయిలు తగల్లేదు. ట్రాన్స్‌ఫర్ కేసుని మోసే మూడు రబ్బరు మౌంట్లలో ఒకటి విరిగి రెండు ముక్కలైపోయి ఉంది, ఇంకో దానికి కూడా పగుళ్లు. సీలు, మూడు మౌంట్లు వేయించి, కొత్త ఆయిలు పోయించాం. కూత మొత్తం పోలేదు గానీ 60 వరకు మనిషి మాట వినపడుతోంది. బాక్సు మార్చి ఉంటే ఈ కూత కొత్త బాక్సుతో పాటే ఊరేగేది.

ఎగరడం మాత్రం అలాగే ఉంది. లివరు సీటు మార్చాను, గేరు పడటం శుభ్రంగా ఉంది గానీ దిగుడులో మళ్లీ ఎగిరింది. సారు చెప్పిన 4ఎల్ థర్డ్ ఉపాయంతో రెండేసి బస్తాలు దింపుకుంటూ సీజను లాగేశాను. నాన్నగారు దేవుళ్లని పిలవడం తగ్గింది, పెట్రోలు ఖర్చు గురించి మాట్లాడటం ఎక్కువైంది.

తర్వాత బరంపురం మేస్త్రికే ఇచ్చాను. దింపేటప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. ఆయిలు నల్లగా ఉంది, వెలుగులోకి పెడితే బంగారం రజనులా మెరిసింది. ఇత్తడి అన్నమాట. లోపల సెకండ్ గేరు డాగ్ పళ్లు ఒక పక్క కోణం పోయి గుండ్రంగా ఉన్నాయి, స్లీవు లోపలి అంచు కూడా అంతే. సెకండ్ సింక్రో రింగుని గేరు మీద పెట్టి నొక్కితే మధ్యలో సందే లేదు, పూర్తిగా కూర్చుండిపోయింది. థర్డ్ రింగు కూడా సగం దారిలో ఉంది. ఫోర్కు చివర్లు కాస్త మెరుస్తున్నాయి గానీ మందం ఉంది, మేస్త్రి కాలిపర్ పెట్టి చూసి ఉంచేద్దామన్నాడు. లే షాఫ్టు పళ్లు అన్నీ బాగున్నాయి, మెయిన్ షాఫ్టు మీద గాళ్లు లేవు. కాబట్టి పాత బాక్సు ఆలోచన పక్కన పెట్టేశాం.

పైలట్ బేరింగుని వేలితో తిప్పితే కరకరమంది. సాలూరు అన్నయ్యా, ఆ మాట మీరు చెప్పకపోతే మేస్త్రి దాన్ని వదిలేసేవాడు, నేను అడిగాకే చూశాడు.

సెకండ్ గేరూ స్లీవూ హబ్బూ కొత్తవి ఆర్డరు పెట్టాం, రింగులు అన్ని గేర్లకీ, బేరింగులు అన్నీ. క్లచ్ ప్లేటు సగానికి పైగా ఉంది గానీ రిలీజ్ బేరింగుతో పాటు మార్చేస్తున్నాను. సామాన్ల లెక్క పాత బాక్సు ధర కంటే కాస్త తక్కువలో తేలుతోంది. కూలి కలిపితే ఇంచుమించు సమానం. అయినా లోపల ఏముందో చూసిన బాక్సు నాది.

ఒక్క డౌటు మిగిలింది. బిగించాక మొదట్లో ఎలా నడపాలి? మేస్త్రి ఏమీ అక్కర్లేదు, బస్తాలు వేసుకో అంటున్నాడు.

---

విజయనగరం ఎక్స్-ఈఎంఈ

బస్తాలు కొన్నాళ్లు ఆగనీ. కొత్త రింగులు గేరు కోన్ మీద కుదురుకోవాలి. మొదటి 500 కిలోమీటర్లు లోడు లేకుండా, గేరు మార్చేటప్పుడు తొందర పడకుండా, సెకండ్‌కి దింపేటప్పుడు ఒక క్షణం ఆగి నడుపు. చలి పొద్దున్న మొదటి కిలోమీటరు గేరు కాస్త బిగువుగా పడుతుంది, భయపడకు. 500 దాటాక ఆయిలు దింపి కొత్తది పొయ్యి. ఆ దింపిన ఆయిల్లో కాస్త ఇత్తడి మెరుపు ఉంటుంది, అది కుదురుకున్న రజను. ఉక్కు పొలుసులు కనిపిస్తే మాత్రం బండి ఆపి మేస్త్రిని పిలువు.

బిగించేటప్పుడు బెల్ హౌసింగ్ బోల్టులు అన్నీ ఉన్నాయా అని నువ్వే లెక్కపెట్టుకో. పైన చెయ్యి పట్టని చోట ఉండే బోల్టు ఒకటి చాలా షెడ్లలో మిగిలిపోతుంది.

---

కాశీబుగ్గ జిప్సీ

సరే సార్. ఆయిలు జీఎల్-4 ఇక్కడ షాపుల్లో లేదన్నారు, బరంపురంలో దొరికింది. రెండు డబ్బాలు ఎక్కువ తెచ్చుకున్నాను. బొబ్బిలి వాళ్లకి కావాలంటే చెప్పండి, వచ్చే వారం విజయనగరం పని మీద వస్తున్నాను, అటుగా ఇచ్చేస్తాను.